మేమా, మనమా

మామగారికి ఒకటే జబ్బు. ఎవరి నోట్లోంచి 'మేము' అనే మాట వచ్చినా దాన్ని అక్కడికక్కడే పట్టుకుని, లెక్క తేల్చేదాకా వదిలేవారు కాదు. మేమంటే ఎవరెవరు, అందులో నేనున్నానా లేనా, ఉంటే మనం అనక మేము అనడమేమిటి, లేకపోతే నన్నెందుకు తీసేశారు, ఇదీ వరస. అన్నవాడు పాలవాడైనా ప్రధాన న్యాయమూర్తి అయినా ఆయనకొకటే. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని "మేమా, మనమా?" అని అడిగారంటే, ఆ పూటకు అవతలివాడి పని అయిపోయినట్టే. ఆయన దేశంలోకెల్లా పెద్ద కోర్టులో పెద్ద లాయరు. ఎదురుగా 'సీనియర్ గారు' అనేవాళ్ళు. వెనక 'మేముగారు' అనేవాళ్ళు. ఆ పేరు ఆయన చెవిన పడినప్పుడు కోపం రాలేదు సరికదా, ఇన్నాళ్ళకు కోర్టులో ఒక్క మాట సరిగ్గా వాడారని సంతోషించారు.

ఈ జబ్బు ఆయనకు రాజ్యాంగ పీఠిక నుంచి అంటుకుంది. ఆ పీఠిక ఒక్కటే వాక్యం. 'ఈ దేశ ప్రజలమైన మేము, మా అందరికీ న్యాయమూ గౌరవమూ సమకూరాలని నిశ్చయించుకొని, ఈ రాజ్యాంగాన్ని మాకు మేమే ఇచ్చుకుంటున్నాము.' మిగతా లాయర్లు న్యాయం దగ్గర కాసేపూ గౌరవం దగ్గర కాసేపూ ఆగి, లోపలి అధికరణాలలోకి వెళ్ళిపోయేవారు. మామగారు మాత్రం ఇల్లంతా చూద్దామని వచ్చి గుమ్మంలోనే చతికిలబడిన చుట్టంలాగా మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. మనం అంటే వినేవాడు కూడా లోపలే ఉన్నాడని. మేము అంటే వినేవాణ్ని బయట పెట్టినట్టు. మరి దేశంలో ఉన్న జనమంతా మేము అయితే, ఆ వింటున్నవాడెవడు? ఈ ప్రశ్న ఆయన్ని కుర్రతనంలో పట్టుకుంది. జుట్టు పోయింది గాని ప్రశ్న పోలేదు.

కోడలు కూడా లాయరే. పెళ్ళయ్యాక ఆయన దగ్గరే జూనియరుగా చేరింది. ఇంట్లో మామగారు, ఆఫీసులో సీనియరు. కాబట్టి ఆ జబ్బు ఆమెకు రెండు పూటలా అందేది.

అసలు పెళ్ళి మాటలనాడే ఆమెకు మొదటి మోతాదు పడింది. ఆమె నాన్న గొంతు సవరించుకుని, మేము మా అమ్మాయిని బాగా చదివించాం, మేము ఈ సంబంధానికి ఒప్పుకున్నాం అన్నాడు. మామగారు వెంటనే, మేము అంటే మీ దంపతులిద్దరేనా, లేక అమ్మాయి కూడానా అని అడిగారు. ఆమె నాన్నకు అర్థం కాలేదు. మేమే, మేమంతా అన్నాడు. అమ్మాయి గదిలో ఉందే, గదిలో ఉన్నవాళ్ళు మేములో ఎలా వస్తారు అన్నారు మామగారు. వాదన తెగలేదు. చివరికి తలనొప్పి పుట్టి, నువ్వే వచ్చి చెప్పుకో తల్లీ అని నాన్నే ఆమెను బయటికి పిలిచాడు. ఆమె వచ్చి, తనకు ఇష్టమేనని, కాకపోతే ప్రాక్టీసు మాననని చెప్పింది. పెద్దాయనకు కొంచెం చాదస్తం అని ఆ రాత్రి అమ్మతో అంది.

తర్వాత చూస్తే అది కొంచెం కాదు. ఒకసారి ఆయన కంట్లో శుక్లం తీయాల్సి వచ్చింది. డాక్టరు మర్యాదగా, రేపు పొద్దున మేము ఆపరేషన్ చేస్తాం అన్నాడు. మేమా, మనమా అన్నారు మామగారు. మీరు మత్తులో ఉంటారు కదా సార్ అన్నాడు డాక్టరు. "ఉంటాను కదా, మరి?" అన్నారు ఆయన. ఆపరేషన్ కాగితం మీద ఆ మాట దిద్దేదాకా సంతకం పెట్టలేదు.

ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇదే గోల. అత్తగారు వడ్డిస్తూ, మీరు తినండి, మేం తర్వాత తింటాం అనేవారు. మామగారు కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి, వంటింటికి వేరే రాజ్యాంగం ఉందా అని మొదలుపెట్టేవారు. కొడుకు ఆకలికి ఆగలేక, అమ్మా, దండం పెడతాను, వచ్చి కూర్చో, కూర చల్లారిపోతోంది అనేవాడు. ఆయనతో వాదించడం కంటే కూర్చోవడమే సులువని తేలాక అందరూ ఒకేసారి తినడం అలవాటైంది. ఆఫీసులో ఫోటో దిగిన రోజూ అంతే. మేము ఫోటో దిగుతున్నాం రండి సార్ అని పిలిచిన పాపానికి, మేములో ఎవరెవరని ఆయన మెట్ల మీదే విచారణ పెట్టారు. వెలుతురు పోతోందని ఫోటోగ్రాఫర్‌కు ఒళ్ళు మండి, ఈ బిల్డింగులో ఊపిరి పీల్చేవాళ్ళంతా వచ్చి నిలబడండి అన్నాడు. ఆ ఫోటోలో డ్రైవరు మధ్యలో ఉంటాడు. మామగారు చివర్న సగమే పడ్డారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. కోర్టులో మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఒక అద్దె ఇంటి కేసు. పాయింటు చిన్నది, గెలుపు చేతిలో ఉంది. మామగారు పీఠికతో మొదలుపెట్టారు. న్యాయమూర్తి ఒకసారి గడియారం చూశారు, రెండోసారి చూశారు, మూడోసారి కేసు కొట్టేశారు. బయటికొచ్చాక ఆమె ఫైళ్ళు విసురుగా కారులో పడేసింది. ఆయన మాత్రం, ఓడిపోయాం గాని మాట బాగా కుదిరింది తల్లీ అన్నారు.

అలాంటి మనిషి చేతికి కాలువ గట్టు కేసు వచ్చింది.

ఊరి చివర పెద్ద కాలువకు అటువైపు గట్టు మీద కొన్ని వందల కాపురాలు ఉన్నాయి. తాతల నాడు ఎగువన ఊళ్ళు మునిగినప్పుడు వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. సగంమంది పెద్దలు సరిహద్దు అవతలి నుంచి వచ్చారంటారు. ఎవరి దగ్గరా పాత కాగితం లేదు. ఇప్పుడు గట్టు మీద రోడ్డు వేయాలని సర్కారుకు బుద్ధి పుట్టింది. ముందు కొళాయిలకు నీళ్ళు కట్టేశారు. తర్వాత తలుపుల మీద నోటీసులు అంటించారు. కింది కోర్టులన్నీ, వీళ్ళు ఈ దేశ ప్రజలని రుజువు లేదు, రాజ్యాంగం ఇచ్చే రక్ష వీళ్ళకు అందదు అని తేల్చేశాయి. గట్టువాళ్ళ తరఫున తిరిగేది ఒక పెద్దావిడ. అందరూ పెద్దక్క అంటారు. మొదటిసారి ఆఫీసుకు వచ్చి గుమ్మం అవతలే నిలబడి, "మాకెవరూ లేరయ్యా" అంది. మాకు అంటే, అని మామగారు మొదలుపెట్టబోతే కోడలు గబుక్కున కుర్చీ లాగి ఆవిడను లోపల కూర్చోబెట్టింది. కనీసం ఈవిడనైనా వదిలేయండి మామయ్యగారూ అన్నట్టు చూసింది.

పెద్ద కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ముందు విచారణ పడింది. అంతకుముందు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు ఆ రోజుతో చెల్లిపోతుంది. కోర్టు లేచేలోగా కొత్త ఉత్తర్వు రాకపోతే ఆ సాయంత్రమే గట్టు ఖాళీ. పొద్దున్నే పెద్దక్క కోడలికి ఫోను చేసి, ఇళ్ళు కూల్చే యంత్రాలు వచ్చేసి వంతెన దగ్గర నిలబడ్డాయమ్మా, డ్రైవర్లు ఇంజన్లు ఆపి మా ఇళ్ళ వంకే చూస్తున్నారు అని చెప్పింది.

కోడలికి ఆ కేసులో ఒక గట్టి పాయింటు కనిపించింది. నోటీసులో గడువు చాలా తక్కువ. చట్టం ప్రకారం ఇవ్వాల్సినంత ఇవ్వలేదు. దాని మీద నిలబడితే ఉత్తర్వు ఇవాళే వస్తుంది. అర్థాలూ పరమార్థాలూ తర్వాత చూసుకోవచ్చు. కారులో అదే చెప్పింది. మామగారు శ్రద్ధగా విని, నిజమే తల్లీ అన్నారు. ఆమెకు ప్రాణం కుదుటపడింది. కోర్టులో లేచి నిలబడగానే ఆయన, "ఈ దేశ ప్రజలమైన మేము" అన్నారు. ఆమె ప్రాణం మళ్ళీ జారిపోయింది.

గంట గడిచింది. ఆయన ఇంకా మొదటి మాట దాటలేదు. కోడలు చిన్న కాగితం ముక్క మీద 'నోటీసు' అని రాసి ముందుకు జరిపింది. ఆయన దాన్ని చూడకుండానే అందుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. రెండో చీటీ మీద 'గడువు' అని పెద్ద అక్షరాలతో రాసింది. దాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నారు. మధ్య కుర్చీలో ఉన్న న్యాయమూర్తి మితభాషి అయిన ఒక పెద్దావిడ. ఆవిడ, అసలు విషయానికి రండి అన్నారు. ఇదే అసలు విషయం అన్నారు మామగారు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దక్క మాత్రం నవ్వలేదు. ఒడిలో పెట్టుకున్న ఫోను వెలిగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. యంత్రాలు వంతెన దాటాయట. ఆ సంగతి ఆవిడ కోడలి చెవిలో చెప్పింది. కోడలు మామగారి చెవిలో చెప్పింది. ఆయన తలూపి, పీఠికలోకే వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం సర్కారు లాయరు లేచాడు. వయసులో చిన్నవాడు, మాట కత్తిలా ఉంటుంది. అతను పుస్తకమే తెరవలేదు.

"పెద్దాయన మా అందరికీ ఒక పాఠం చెప్పారు" అన్నాడు. "ఎవరైనా మేము అన్నారంటే, ఎవరో ఒకరు బయట ఉన్నారని అర్థం. ఈ కోర్టులో ఆ పాఠం విననివాళ్ళు లేరు. నేనూ ఆయన దగ్గరే విన్నాను. రాజ్యాంగం రాసినవాళ్ళకు మనం అనే మాట తెలియక కాదు. తెలిసీ మేము అన్నారు. అంటే కొందరిని బయట పెట్టారు. గట్టు మీదివాళ్ళు ఆ బయటివాళ్ళు. ఇక నేను చెప్పాల్సింది లేదు."

కూర్చున్నాడు.

కోర్టు హాలు గొల్లుమంది. కోడలికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ చాదస్తాన్నీ మూటగట్టి ఆయన నెత్తినే వేశాడు. జవాబు చెప్పాలంటే ఆయన తన జీవితమంతా అన్న మాటను తానే కాదనాలి. మామగారు లేచారు. బల్ల మీద చెయ్యి దేనికోసమో వెతుకుతోంది. న్యాయమూర్తి ఏమైనా చెప్పదలచారా అని అడిగారు. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పెద్దక్క ఫోను వెలిగి ఆరిపోయింది. కోడలు ఇక ఆగలేక నోటీసు కాగితాన్ని ఆయన చేతికింద పెట్టింది. ఇప్పుడైనా గడువు అడగండి అని మనసులోనే వేడుకుంది.

ఆయన దాన్ని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఆమెకే తిరిగి ఇచ్చారు.

"మొదటి వాక్యం చదువు తల్లీ. గట్టిగా."

ఆమె లేచి చదివింది. "మేము ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా..."

"చాలు" అన్నారు మామగారు. ధర్మాసనం వైపు తిరిగారు. "మిత్రుడు చెప్పిన పాఠం నాదే. వెనక్కి తీసుకోను. మేము అన్నప్పుడు వినేవాడు బయటే ఉంటాడు. ఆ వినేవాడెవడన్నదే నాకు ఇంతకాలం తెలియలేదు. ఇప్పుడు ఈ కాగితం చెప్పింది. రాజ్యాంగం రాకముందు ఈ దేశంలో మేము అనే మాట ఒక్క నోటికే ఉండేది. గోడ మీద కాగితాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. మేము ఆజ్ఞాపిస్తున్నాం. మేము పన్ను వేస్తున్నాం. మేము ఖాళీ చేయమంటున్నాం. నోరు సర్కారుది, చెవులు జనానివి. పీఠిక రాసిన నాడు జనం ఆ మాటను ఆ నోట్లోంచి లాక్కున్నారు. ఇకమీదట మేము అనేది మేము, నువ్వు విను అన్నారు. ఆ వాక్యంలో బయట నిలబడ్డది మనుషులు కారు. కుర్చీ."

మధ్యలో ఉన్న న్యాయమూర్తి ముందుకు వంగారు.

"మేం కూర్చున్నదీ కుర్చీలోనే కదా?"

ఆవిడ నోట ఆ మాట పడగానే హాలంతా మామగారి వైపు తిరిగింది. కోడలు కళ్ళు మూసుకుంది. ఇవాళ వద్దు మామయ్యగారూ, ఈవిడ దగ్గర వద్దు.

"అందుకే తమరు కూడా వినాలి" అన్నారు మామగారు, ఎంతో వినయంగా.

న్యాయమూర్తి పెదవుల చివర ఏదో కదిలి సర్దుకుంది. ఆ నోటీసు ఇలా ఇవ్వండి అన్నారు. అటూ ఇటూ ఉన్న ఇద్దరితో గుసగుసలాడారు. తర్వాత సర్కారు లాయరును చూసి, ఇందులో గడువు ఇంతేనా అని అడిగారు. అతను వెనక్కి తిరిగి సహాయకులను చూశాడు. వాళ్ళు నేలను చూశారు. పొద్దుటి నుంచి చీటీల మీద రాసి రాసి అలసిన కోడలి ప్రశ్న, ఎవరూ అడక్కుండానే ధర్మాసనం మీదికి ఎక్కి కూర్చుంది.

ఉత్తర్వు అక్కడే చెప్పారు. "పీఠికలో మొదటి మాటకు అర్థమేమిటో మేము..." అని న్యాయమూర్తి ఆగి, మామగారి వైపు ఓ చూపు చూసి, దిద్దుకున్నారు. "ధర్మాసనం తేల్చేదాకా గట్టు మీదికి ఏ యంత్రమూ ఎక్కకూడదు. కొళాయిలు ఇవాళే వదలాలి."

ఆ మాటకు అర్థం తేల్చడం ఇన్నేళ్ళలో మామగారి వల్లే కాలేదు. ముగ్గురు న్యాయమూర్తుల వల్ల ఎప్పటికి అవుతుందో ఎవరికీ తెలియదు. గట్టు మీదివాళ్ళు అంతకాలం నిశ్చింతగా పడుకోవచ్చు. కోడలికి ఆ సంగతి తట్టి, లోలోపల నవ్వు పొంగుకొచ్చింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మెట్ల దగ్గర గట్టుజనం గుమిగూడి ఉన్నారు. కబురు అందగానే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. అదే సమయానికి సర్కారు లాయరు ఒక్కడే బయటికొచ్చాడు. సహాయకులు పక్క గుమ్మంలోంచి ఎప్పుడో జారుకున్నారు. అతని కారు జనంలో ఇరుక్కుపోయింది. ఎవరో, వీడే మనల్ని బయటివాళ్ళన్నది అన్నారు. అంతే, చుట్టూ వలయం బిగుసుకుంది. ఒక చెయ్యి అతని నల్లగౌను పట్టి లాగింది. భుజం దగ్గర పర్రుమని చిరిగింది. అతని మొహం పాలిపోయింది. గేటు దగ్గరున్న పోలీసులు లాఠీలు సర్దుకుంటూ కదిలారు. ఇంకో నిమిషం ఆగితే గెలిచిన కేసు వీధిలో ఓడిపోయేలా ఉంది.

మామగారు కోడలి చెయ్యి విడిపించుకుని ఆ గుంపులోకి దూరారు. కళ్ళజోడు ఒకవైపు, గౌను ఒకవైపు. నేరుగా వెళ్ళి పెద్దక్క ముందు నిలబడ్డారు.

"మేము గెలిచామయ్యా" అంది ఆవిడ, కళ్ళు మండుతుండగా.

"మంచిది. ఈయన అందులో ఉన్నాడా?"

"వీడెలా ఉంటాడు?"

"లేకపోతే మధ్యాహ్నం ఈయన చెప్పిందే నిజమవుతుంది" అన్నారు ఆయన. "మేము అంటే ఎవణ్నో ఒకణ్ని బయట పెట్టడమేనని. నేను అంతసేపు అరిచింది అబద్ధమవుతుంది. చూసి చెప్పమ్మా. నాకు తొందర లేదు."

నిజంగానే తొందర లేనట్టు అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. ఆ కంగారులో ఆయన అలా కూర్చోవడం చూసి ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. పిచ్చి పెద్దాయన అన్నారు ఎవరో. బిగుసుకున్న చేతులు కొంచెం సడలాయి.

కోడలు ఆ నవ్వును విని, ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. ఆయన ఆ ప్రశ్న వేసిన ప్రతిసారీ జనం అలాగే నవ్వారు. ప్రతిసారీ ఎవరో ఒకరు బయట నిలబడి ఉన్నారు. వంటింట్లో అత్తగారు. మెట్ల కింద డ్రైవరు. పెళ్ళి మాటలనాడు గదిలో తను. వాళ్ళను లోపలికి పిలవండి అని ఆయన ఒక్కసారీ అనలేదు. అలా అంటే పిలవనివాళ్ళకూ, పిలుపు అందనివాళ్ళకూ తల కొట్టేసినట్టుండేది. అందుకని నవ్వులపాలయ్యే పని తనే పెట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్య ఎవరో ఒక కుర్చీ లాగేవారు. డాక్టరుగారి సంగతి ఒక్కటే దీనికి లొంగలేదు. అక్కడ బయట నిలబడ్డది బహుశా మామగారే.

పెద్దక్క సర్కారు లాయరును ఎగాదిగా చూసింది. చేతిసంచి తెరిచింది. గోదాములో బస్తాలు కుట్టే మనిషి కాబట్టి సూదీ దారం ఎప్పుడూ అందులోనే ఉంటాయి.

"ఇటు తిరుగు" అంది.

అతను తిరిగాడు. ఆవిడ పొడుగు చాలక ఒక మెట్టు పైకెక్కి, చిరిగిన భుజం దగ్గరికి లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు కాసేపు కోపం మరిచిపోయి కుట్టు చూశారు. ఒకరు దారం దగ్గరగా వేయమన్నారు. ఇంకొకరు గౌను అంచు ఎత్తిపట్టారు. పోలీసులు గేటు దగ్గరే ఆగిపోయారు. సర్కారు లాయరు బడిపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ పళ్ళతో దారం తెంపి, భుజం మీద ఒకసారి తట్టింది.

అతను గొంతు సవరించుకున్నాడు. వచ్చే వాయిదాలో కూడా నేను మీకు ఎదురుగానే వాదించాల్సి ఉంటుందమ్మా, ముందే చెబుతున్నాను అన్నాడు.

"వాదించుకో నాయనా" అంది పెద్దక్క, సూదిని సంచిలో పెట్టుకుంటూ. "చెయ్యి మాత్రం మరీ పైకెత్తకు. బస్తా కుట్టు, గౌనుకు ఏ మాత్రం ఆగుతుందో."